మా నాన్న వేసిన ముడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధాలు చెప్పే పని నాది. వంట మా అమ్మది, తాపీ పని మా నాన్నది, అబద్ధాలు నావి. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఆ పని నేను బాగానే చేసేదాన్ని.

మా నాన్న గుత్తకి పనులు ఒప్పుకునే మేస్త్రి. ఇంటి పని మొత్తం మొదట్నుంచి చివరిదాకా నాదే అని ఒక మాట మీద ఒప్పుకోవడమే గుత్త. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఇంటివాళ్ళు తమలపాకులు చేతిలో పెడితే పని కుదిరినట్టు. మా నాన్నకి ఎవరికీ కాదని చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళందరి దగ్గరా తమలపాకులు పుచ్చుకునేవాడు, తర్వాత ఎటూ తిరగలేక ఇంట్లో కూర్చునేవాడు. అప్పుడు నన్ను పంపేవాడు. రెండు జడల పదేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడి "నాన్నకి జొరం" అంటే ఎవరు మాత్రం కసురుతారు? పైగా కొందరు చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపేవారు. అందుకని ఆ పనంటే నాకు ఇష్టంగానే ఉండేది.

మేము పూర్ణా మార్కెట్ వెనక వీధుల్లో ఉండేవాళ్ళం. రెండు మలుపులు తిరిగితే కళాయి తాత ఇల్లు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు కాబట్టి పిల్లలకి కళాయి తాత, పెద్దవాళ్ళకి సాయిబు గారు. అరుగు మీదే చిన్న కొలిమి. గిన్నె బాగా కాలాక లోపల నవాసారం చల్లేవాడు, తగరం కడ్డీ ఇలా తాకించి దూదితో గిర్రున ఒక్క తుడుపు తుడిచేవాడు. నల్లగా ఉన్న గిన్నె మన కళ్ళ ముందే తెల్లబడిపోయేది. బడి వదిలాక మేమంతా ఆ పొగ పీలుస్తూ అక్కడే నిలబడేవాళ్ళం. ముక్కు మండుతున్నా కదిలేవాళ్ళం కాదు.

ఆయన ఇల్లు పాతకాలపు సున్నపు డాబా. టేకు దూలాలు, వాటి మీద సున్నంలో నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుకలు, గోడలకి కూడా సున్నమే. సముద్రపు గాలికి వెనక గది కప్పు దెబ్బతిని కారడం మొదలుపెట్టింది. తాతకి ఒక్కతే కూతురు. తొలి కాన్పుకి పుట్టింటికి రావాల్సి ఉంది. వానలు పడేలోగా ఆ గది కప్పు బాగుచేయించి, గోడలు పూయించి, కూతురికీ పుట్టబోయే బిడ్డకీ సిద్ధం చేయాలని ఆయన ఆత్రం. మా నాన్నని పిలిచి గది చూపించాడు.

మా నాన్న పోర్టు క్వార్టర్లు కట్టే రోజుల్లో సిమెంటు పని నేర్చుకున్నాడు. దాని మీద ఆయనకి మహా గర్వం. గది నాలుగు మూలలా చూసి, గోడ మీద అరచేత్తో చరిచి, "సున్నం పని ముసలోళ్ళ పని సాయిబు గారూ. సిమెంటు తగిలించీసేనంటే మీ మనవలకి మనవలు పుట్టినా సూసుకోనక్కర్లేదు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మా నాన్న మాటలకి నా ఛాతీ కూడా ఉబ్బింది. తాత భార్యని మేము నానీ అనేవాళ్ళం. ఆవిడ లోపల్నుంచి తమలపాకుల పళ్ళెం తెచ్చింది.

పని మొదటి నాలుగు రోజులూ బ్రహ్మాండంగా సాగింది, ఎందుకంటే ఆ నాలుగు రోజులూ పడగొట్టడమే పని. పడగొట్టడం ఎవరికైనా వస్తుంది. పాత ఇటుకలు దించేసరికి రెండు దూలాలు లోపల బోలుగా కనిపించాయి. సరే, అవి మార్చవచ్చు. గోడకి సిమెంటు పూత పూశాడు. మర్నాటికి అది పెచ్చులుగా లేచి కింద పడింది. మళ్ళీ పూశాడు. మళ్ళీ పడింది. సున్నపు గోడ సిమెంటుని పట్టుకోదని, పట్టుకున్నట్టే ఉండి వదిలేస్తుందని అప్పటికి ఆయనకి తెలియదు. ఇక దూలాల మీద ఇటుకల్ని ఏటవాలుగా సున్నంలో ఎలా నిలబెడతారో, ఎండేదాకా అవి జారకుండా ఎలా ఆపుతారో అసలే తెలియదు. విప్పేటప్పుడు గమనించి ఉంటే కాస్తో కూస్తో తెలిసేది. గర్వంగా విప్పేవాడు గమనించడు.

అయిదో రోజున మా నాన్న ఇంట్లో కూర్చుండిపోయాడు. నాకు పని పడింది.

మొదటిసారి వెళ్ళి జ్వరమని చెప్పాను. తాత అరుగు మీద నుంచి లేచి లోపలికెళ్ళి, కాగితంలో మిరియాలు, శొంఠి కట్టించి తెచ్చి నాకిచ్చాడు. రెండోసారి వెళ్ళి ఎలమంచిలిలో మా మావయ్య పోయాడని, నాన్న అక్కడికి వెళ్ళాడని చెప్పాను. ఆ రోజు నా నటన నాకే నచ్చింది, కాస్త కన్నీళ్ళు కూడా తెచ్చుకున్నాను. ఎలమంచిలి మావయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు నిక్షేపంగా బతికి, ప్రతి ఎండాకాలం మా ఇంటికి తాటిముంజలు తెచ్చాడు, అది వేరే సంగతి. కానీ నా మాట విని నానీ కొంగు తల మీదకి లాక్కుని, రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకుని మావయ్య కోసం ప్రార్థించింది. తర్వాత నా తల నిమిరింది. అప్పటిదాకా నా అబద్ధాలకి నాకు ఎప్పుడూ సిగ్గనిపించలేదు. ఆ చెయ్యి తల మీద పడ్డాక మాత్రం ఆ ఇంట్లో నిలబడలేకపోయాను. మిరియాల కాగితం సంగతిలాగే ఇది కూడా మా నాన్నకి చెప్పలేదు.

మూడోసారి పంపినప్పుడు గోనెసంచి చేతికిచ్చాడు. "పక్కీదిలో సిన్న పనుందని సెప్పి తాపీ, మట్టం, ఇనపగుండు అట్టుకొచ్చీ. సాయంత్రం ఇచ్చేత్తానని సెప్పు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు మేస్త్రి తాపీ ఇంట్లో ఉన్నంతకాలం పని ఉన్నట్టే లెక్క. మేస్త్రి నెల రోజులు కనిపించకపోయినా, గోడవార తాపీ ఉంటే ఇంటివాళ్ళు ధైర్యంగా ఉంటారు. తాపీ గడప దాటిందంటే మాత్రం మేస్త్రి దాటిపోయినట్టే. ఇది మేస్త్రులకీ తెలుసు, ఇళ్ళవాళ్ళకీ తెలుసు, మేస్త్రి కూతుర్ని కాబట్టి నాకూ తెలుసు. మా నాన్న ఆ పని వదిలేస్తున్నాడు. ఆ మాట చెప్పడానికి కూడా నన్నే పంపుతున్నాడు. పైన మబ్బులు పడుతున్నాయి. ఆ సంచి పట్టుకుని మార్కెట్ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంక తిరగడానికి వీధి దొరక్క, తాత అరుగు దగ్గరికి వెళ్ళాను.

చెప్పాల్సింది నేల చూస్తూ చెప్పేశాను. తాత కొలిమి తిత్తి తొక్కడం ఆపాడు. సంచీని చూశాడు, నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేదనుకున్నాను కూడా. ఆయన "రా బేటీ" అని నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళాడు.

గదిలో నిలబడి తలెత్తితే ఆకాశం. ఉన్న దూలాల మీద నానీ పాత దుప్పట్లూ గోనెలూ కుట్టి పరిచింది, గాలికి అవి లేచి పడుతున్నాయి. మూల కొత్త ఉయ్యాల, దాని మీద దుమ్ము పడకుండా చీర కప్పి ఉంది. ఆ గదిలో కూతురు బిడ్డని కనాలి. తాత గోడవారనున్న తాపీ తీసి, అంటుకున్న సిమెంటు గీకి, గుడ్డతో తుడిచి సంచిలో వేశాడు. మట్టం కూడా తుడిచి వేశాడు. గోడ నిటారుగా లేచిందో లేదో చూసే ఇనపగుండు మాత్రం దూలానికి కట్టిన దారంతో వేలాడుతోంది. దాని దగ్గరికి వెళ్ళి, చెయ్యి వెయ్యకుండా ఆగిపోయాడు.

"ఇది నాను ఇప్పకూడదు బేటీ. ముడేసినోడే ఒచ్చి ఇప్పాలి. ఇంకోడు ఇప్పితే ఇంటికి మంచిది కాదు, మేస్త్రికి అసలే మంచిది కాదు. మీ నాన్నకి సెప్పు."

అలాంటి పద్ధతి ఎక్కడా లేదు. ఆయన అక్కడికక్కడ అల్లిన మాట అది. ఈ సంగతి నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఆయన మా నాన్నని బాగానే కనిపెట్టాడు. ముగ్గురి దగ్గర తమలపాకులు పుచ్చుకుని ఇద్దర్ని వదిలేయడానికి వెనకాడని మనిషి, ఎదురుగా పిల్లి నడిస్తే మాత్రం ఇంట్లోకి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరేవాడు.

నేను వచ్చి చెప్పగానే మా నాన్న ముఖంలో రంగు మారింది. "ఆ దారమేదో నువ్వే పుటుక్కున తెంపీసి తెచ్చెత్తే అయిపోను గదేటే గుంటా" అన్నాడు. తాత వద్దన్నాడని చెప్పాను. మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే, "ముడేసినోరే ఇప్పాలంట గదా, ఎల్లండి మరి" అంది. ఆవిడ గొంతులో నవ్వు నాకు వినిపించింది. మా నాన్నకి కూడా వినిపించే ఉంటుంది. ఆ పూటంతా ఆయన వీధిలోకీ ఇంట్లోకీ తిరిగాడు.

మర్నాడు పొద్దున బయల్దేరాడు. ఒంటరిగా వెళ్ళలేక నన్నూ వెంటపెట్టుకున్నాడు. తాత కొలిమి దగ్గరే ఉన్నాడు. పలకరించాడు గానీ జ్వరం సంగతి గానీ ఎలమంచిలి సంగతి గానీ ఎత్తలేదు. వెనక గదిలో నిచ్చెన వేసి పెట్టే ఉంది. మా నాన్న గబగబా ఎక్కాడు. ఎక్కి ముడి మీద చేయి వేశాడు. తాత నిచ్చెన కదలకుండా కింద పట్టుకుని నిలబడ్డాడు. నేను ఉయ్యాల పక్కన నిలబడ్డాను.

ఆ ముడి విప్పడం ఎంతసేపటి పని? కానీ మా నాన్న చేతులు అక్కడే ఉండిపోయాయి. పైనుంచి అన్నీ కనిపిస్తాయి కదా. పెచ్చులూడిన గోడ, కుట్టిన గోనెలు, చీర కప్పిన ఉయ్యాల, నిచ్చెన పట్టుకున్న ముసలాయన తెల్లటి టోపీ.

"మేస్త్రీ, ఇప్పీసేక ఎలాగూ ఎలిపోతావు. ఒక్కమాట సెప్పి ఎల్లు" అన్నాడు తాత కింది నుంచి. "ఈ పని నీకు కుదరదా? రాదా?"

కుదరదు అంటే అయిపోయేది. అలాంటి మాటలు మా నాన్న దగ్గర బోలెడు. నేను కూడా ఆయన ఏం చెబుతాడో ముందే ఊహించేశాను, ఎందుకంటే అవన్నీ నేను మోసిన మాటలే.

"రాదు సాయిబు గారూ" అన్నాడు మా నాన్న. "సున్నం పని నాకు రాదు. తెలీక పెద్ద మాటలాడేను."

"అంతేనా! ఇదే మాట ఆ రోజే సెప్పుంటే ఈపాటికి కప్పు ఏసీసుండేవోళ్ళం గదా. పనొదిలీడం తప్పు కాదు మేస్త్రీ, రాని పని ఒదిలీడమే మంచిది. కానీ ఈ గుంట నోటంట అబద్దాలు పలికించేవు సూడు, అదీ నాకు నచ్చలేదు. మూడుసార్లొచ్చింది. మూడోసారి నా మొకం సూడ్లేకపోయింది. పదేళ్ళ పిల్ల నా మొకం సూడ్డానికి ఎందుకు బయపడాలి?"

ఆ మాట విని నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి తెచ్చుకున్న ఏడుపు కాదు. మా నాన్న నిచ్చెన మీద నుంచి నన్ను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత సగం విప్పిన ముడిని మళ్ళీ గట్టిగా బిగించి, ఖాళీ చేతులతో కిందికి దిగాడు.

భీమిలిలో సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఉన్నాడని తాతకి తెలుసు. ఎక్కడుంటాడో అడిగి, మా నాన్న ఆ పూటే బస్సెక్కి వెళ్ళి, సాయంత్రానికి ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. గుత్త ఆయనకి మార్చి, తాత చేత తమలపాకులు మా నాన్నే ఆయన చేతిలో పెట్టించాడు. అంతటితో తన దారిన తను పోవచ్చు. పోలేదు. ఆ ముసలాయన కింద కూలివాడిగా పనిలో చేరాడు.

మా వీధి వీధంతా వచ్చి చూసింది ఆ వేడుక. గుల్లసున్నం గానుగలో నూరడం, బెల్లంనీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలపడం, తట్టలు మొయ్యడం అన్నీ మా నాన్నే. భీమిలి మేస్త్రికి కోపం ముక్కు మీద ఉండేది. "ఒరే సిమెంటోడా, అది సున్నంరా, పసిపిల్లని అట్టుకున్నట్టు అట్టుకోవాల" అని అందరి ముందూ అరిచేవాడు. మా నాన్న తల ఊపి మళ్ళీ కలిపేవాడు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత చూస్తే మా నాన్న నవ్వుతున్నాడు. రాత్రి అన్నం తింటూ ఇటుక ఎలా వాలుతుందో మా అమ్మకి రెండు అప్పడాలతో చూపించేవాడు. ఆయన్ని అంత హుషారుగా నేను అంతకుముందు చూడలేదు.

కప్పు పూర్తయి ఎండిన నాలుగో రోజునో అయిదో రోజునో వాన దిగింది. తాత మా నాన్నకి కబురు పంపాడు. నేనూ పరుగెత్తాను. భీమిలి మేస్త్రి అప్పటికే వెళ్ళిపోయాడు కాబట్టి, ఆయన బదులు మా నాన్న ఆ గది మధ్యలో నిలబడి తలెత్తి చూస్తూ ఉన్నాడు. ఒక్క చుక్క పడలేదు. అప్పటికే కాన్పుకి వచ్చేసిన తాత కూతురు నిండు కడుపుతో మంచం మీద కూర్చుని మా నాన్నని చూసి నవ్వుతోంది. నానీ అందరికీ సేమియా పెట్టింది. ఎలమంచిలి మావయ్య బతికే ఉన్నాడని ఆ రోజే ఆవిడకి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, తన ప్రార్థన బాగా పనిచేసిందని చెప్పింది.

కానీ నేను చెప్పాలనుకున్నది వాన గురించి కాదు. మా నాన్న నిచ్చెన దిగిన రోజు, బస్సు ఎక్కే ముందు, నన్ను ఇంటి మలుపు దాకా తీసుకొచ్చాడు. మా రోజుల్లో తండ్రులు పిల్లలతో మాట్లాడటమే తక్కువ, ఏదైనా ఉంటే కేకలే. ఆయన మలుపులో ఆగి, నా ముందు గొంతుకూర్చుని, నా చేతులు పట్టుకుని, "తప్పు సేసేనే అమ్మా. ఇంకెప్పుడూ నిన్ను పంపను. నా మాట నానే సెప్పుకుంటాను" అన్నాడు. అలాగే చేశాడు. ఆ తర్వాత ఎన్నో పనులు ఒప్పుకున్నాడు, కొన్ని వదులుకున్నాడు కూడా. వదులుకున్న ప్రతి ఇంటికీ తనే వెళ్ళి, గుమ్మంలో నిలబడి చెప్పి వచ్చాడు. ఒకరిద్దరు తిట్టారు. తిట్లు తిని వచ్చి భోజనం చేశాడు.

కళాయి తాత తెలివి నాకూ అబ్బింది. నిరుడు మా ఫ్లాట్‌లో వంటిల్లు మార్పించడానికి ఒక కాంట్రాక్టరు ఒప్పుకుని, టైల్స్ సగం ఊడదీశాక ఫోను ఎత్తడం మానేశాడు. వారం తర్వాత అతని మనిషి వచ్చి, సార్ రుషికొండ సైటులో బిజీ అని, టైల్స్ కోసే మిషను ఇచ్చేయమని అడిగాడు. మిషను మీ సారే వచ్చి పట్టుకెళ్ళాలి బాబూ, మాకు అదొక పట్టింపు అన్నాను. ఆయన పేరు చెప్పుకుని నేనూ ఒక పద్ధతి అల్లేశాను మరి. మర్నాడు ఆ కాంట్రాక్టరే వచ్చి, తల గోక్కుని, పాత గోడలో పైపులు ఎలా వెళ్ళాయో తనకి అంతుబట్టడం లేదని, పని వదిలేస్తానని చెప్పాడు. కాఫీ ఇచ్చి వదిలేశాను. ఎదురుగా వచ్చి చెప్పినవాడి మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది?

అయితే ఇతరుల చేత చెప్పించడం తేలిక. నేను చెప్పాల్సిన రోజు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వచ్చింది. ఇరవై రెండేళ్ళప్పుడు నాకు గాజువాకలో ఒక సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్నారు. అబ్బాయి చెడ్డవాడేమీ కాదు. కానీ నన్ను అడిగిన ప్రశ్నలకు కూడా తనే జవాబు చెప్పేవాడు. రెండు నెలలు చూశాక, ఆ ఇంట్లో నేను ఉండలేనని నాకు తెలిసిపోయింది. ఇంట్లో చెప్పాను. మా అమ్మ ఏడ్చింది, తర్వాత తేరుకుని, పిల్లకి ఒంట్లో బాగులేదని మధ్యవర్తితో కబురు పంపిద్దామంది. నేను వద్దన్నాను. వాళ్ళ గుమ్మంలోకి నేనే వెళ్ళి చెబుతానన్నాను. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. మా నాన్న మాత్రం చొక్కా తొడుక్కుని చెప్పులేసుకున్నాడు.

గాజువాకలో బస్సు దిగాక, "నానూ రానా?" అని అడిగాడు. వద్దన్నాను. ఆయన వాళ్ళ వీధి మలుపులో సోడా బండి పక్కన బల్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి చెప్పాను. ఈసారి నేల చూస్తూ కాదు, వాళ్ళ మొహాలు చూస్తూనే. ఆ అబ్బాయి తండ్రి చాలా మాటలన్నాడు, నిలబడి విన్నాను. ఆ అబ్బాయి తల్లి మాత్రం గేటు దాకా వచ్చి, "నీ అంతట నువ్వొచ్చి సెప్పేవు, సాలమ్మా" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి, నా కళ్ళల్లోనూ ఉన్నాయి.

మలుపు తిరిగేసరికి మా నాన్న లేచి నిలబడ్డాడు. "సెప్పేసేవా?" అన్నాడు. చెప్పేశానన్నాను. సోడా కొట్టించి నా చేతికిచ్చాడు, నేను తాగేదాకా ఆగి బస్సు ఎక్కించాడు.

ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు, చేతిలో ఫోను ఉంది, ఎవరికైనా కాదని చెప్పాలంటే ఒక్క మెసేజ్ పెడితే సరిపోతుందని మా కోడలు అంటూనే ఉంటుంది. నేను మెట్లు దిగి, ఆటో ఎక్కి వెళ్ళి చెప్పే వస్తాను. చెప్పి తిరిగొచ్చేటప్పుడు, ఆ వీధి మలుపులో మా నాన్న నా కోసం కూర్చుని ఉన్నాడనుకునే నడుస్తాను.